డాక్టరుగారి హస్తవాసి మంచిదే, మరి ఆ సూది సంగతి?

ప్రశ్న: మాది పల్నాడు జిల్లాలో ఒక మండల కేంద్రం. ఇరవై ఏళ్లుగా మా ఇంటిల్లిపాదికీ ఒకే డాక్టరుగారు. ఎంబీబీఎస్ చదివినవారు. ఫీజు 100 రూపాయలే, లేనివారి దగ్గర అది కూడా తీసుకోరు. మా అమ్మకు 62 ఏళ్లు, షుగర్ ఉంది. రెండు నెలల క్రితం మోకాళ్ల నొప్పులకు వరుసగా మూడు రోజులు ఇంజెక్షన్లు చేయించాం. దాదాపు నెల తరువాత సూది వేసిన చోట గడ్డ కట్టింది. అక్కడే కోసి చీము తీశారు. మానినట్టే మాని మళ్లీ ఊరుతోంది. మా వెనక వీధిలో ముప్పై ఏళ్ల అబ్బాయికీ, మరొకావిడకూ ఇలాగే గడ్డలు లేచాయని ఈమధ్యే తెలిసింది. వాళ్లూ ఆయన దగ్గరే సూదులు వేయించుకున్నారు. కట్టు మార్పించడానికి వెళ్లినప్పుడు కాంపౌండరు గదిలో ఒక మందు సీసా మూతకు సూది గుచ్చి అలాగే వదిలేసి ఉండడం చూశాను. అడుగుదామంటే నోరు రాలేదు. "షుగర్ ఉన్నవాళ్లకు గడ్డలు మామూలే, దేవుడిలాంటి మనిషిని అనుమానించకు" అని మా అన్నయ్య కోప్పడ్డాడు. నేను అనుమానించడం తప్పా? ఇప్పుడేం చేయాలి? — ఒక సోదరి

సమాధానం:

అమ్మా,

తప్పు కాదు. మీరు చూసిన ఆ సూదిని నేను చూసినా అక్కడే ఆగిపోయేదాన్ని. ముందు అమ్మగారి సంగతి చూద్దాం, డాక్టరుగారి సంగతి తరువాత.

గడ్డ ఎన్నాళ్లకు లేచిందన్నది ఇక్కడ చాలా ముఖ్యం. మామూలు చీముగడ్డ అయితే సూది వేసిన నాలుగైదు రోజులకో, వారం పది రోజులకో ఎర్రగా, వేడిగా, ముట్టుకోనివ్వని నొప్పితో లేస్తుంది. కోసి చీము తీసేస్తే, అవసరాన్ని బట్టి నాలుగు రోజులు యాంటీబయాటిక్ వాడితే తగ్గిపోతుంది. మూడు నాలుగు వారాలు గడిచాక మెల్లగా గట్టిపడి, పెద్దగా జ్వరం లేకుండా, కోసినా మళ్లీ మళ్లీ ఊరే గడ్డ వేరే జాతిది కావచ్చు. క్షయ క్రిమికి దాయాదుల్లాంటి క్రిములు కొన్ని ఉన్నాయి. మైకోబ్యాక్టీరియం అబ్‌సెసస్, చెలోనే, ఫార్చుయిటమ్ అని వాటి పేర్లు. ఇవి మట్టిలో, కుళాయి నీళ్లలో హాయిగా బతుకుతాయి. పలచబడిన క్రిమిసంహారక ద్రావణాలకు తేలికగా చావవు. సూది ద్వారా కండలోకి దిగితే వారాల తరబడి నిశ్శబ్దంగా ఉండి తరువాత బయటపడతాయి. మామూలుగా రాసే యాంటీబయాటిక్‌లకు లొంగవు. అమ్మగారిది ఇదేనని ఇక్కడ కూర్చుని చెప్పలేను. కానీ మీరు రాసిన తీరు చూస్తే ఆ పరీక్ష చేయించకుండా వదలకూడదు.

కాబట్టి ఆ క్లినిక్‌లో మరోసారి కోయించకండి. గుంటూరు ప్రభుత్వ సర్వజన ఆసుపత్రి సర్జరీ ఓపీకి తీసుకువెళ్లండి. వైద్య కళాశాల ఆసుపత్రి కాబట్టి అక్కడ మైక్రోబయాలజీ విభాగం ఉంటుంది. వారితో మూడు మాటలు గట్టిగా చెప్పండి. ఇంజెక్షన్ వేసిన చోట నెలకు లేచిన గడ్డ అనీ, ఒకసారి కోసినా తిరగబెట్టిందనీ, అదే చోట సూది వేయించుకున్న మరో ఇద్దరికి కూడా ఉందనీ. ఈ మూడూ వింటే ఏ సర్జన్ అయినా కల్చర్‌కు, అంటే క్రిమిని పెంచి రకం గుర్తించే పరీక్షకు, పంపుతారు. చీము పంపేటప్పుడు దూదికి అద్ది పంపితే చాలదు, సిరంజితో లాగిన చీము గాని గడ్డ గోడ నుంచి తీసిన చిన్న ముక్క గాని కావాలి. ఆ ముక్కను ఫార్మలిన్‌లో (బయాప్సీ ముక్క చెడిపోకుండా ఉంచే ద్రావణంలో) వేస్తే క్రిములు చచ్చిపోయి కల్చర్‌లో ఏమీ మొలవదు. బయాప్సీకి వేరే ముక్క, కల్చర్‌కు వేరే ముక్క వెళ్లాలి. చిన్న విషయంలా కనిపిస్తుంది గాని, ఈ ఒక్క పొరపాటుతో మళ్లీ మొదటికి వచ్చిన రోగులను చాలామందిని చూశాను. మరో జాగ్రత్త కూడా ఉంది. చీములో ఏఎఫ్‌బీ (క్షయ జాతి క్రిములను రంగు వేసి చూసే పరీక్ష) పాజిటివ్ అని వస్తే అది క్షయే అని వెంటనే ఆరు నెలల మందులు మొదలుపెట్టేవారు ఉంటారు. ఆ పరీక్షకు క్షయ క్రిమీ, దాని దాయాదులూ ఒకేలా కనిపిస్తాయి. రకం తేలేదాకా ఆగమని అడగండి, ఎందుకంటే క్షయ మందుల్లో చాలా వరకు ఈ దాయాదులపై పనిచేయవు.

ఇక రక్త పరీక్షలు. ఆ సీసా, ఆ సూది ఎంతమందిని చూశాయో మనకు తెలియదు కాబట్టి హెపటైటిస్ బి, హెపటైటిస్ సి, హెచ్‌ఐవీ పరీక్షలు ఇప్పుడొకసారి, ఇంజెక్షన్ వేసి ఆరు నెలలు నిండాక మరొకసారి చేయించండి. ప్రభుత్వ ఆసుపత్రుల్లోని ఐసీటీసీ (హెచ్‌ఐవీ సలహా, పరీక్ష) కేంద్రాల్లో ఈ పరీక్ష ఉచితం, ఫలితం గోప్యంగా ఉంచుతారు. ఈ మాట చదివి భయపడకండి. హెచ్‌ఐవీ ఉన్నవారి రక్తం అంటిన సూది గుచ్చుకున్నప్పుడు అది సోకే అవకాశం వెయ్యిలో మూడు వంతులే. కలవరపెట్టేది హెపటైటిస్ బి. ఆ క్రిమి ఉన్న రక్తం అంటిన సూది ద్వారా, టీకా లేనివారిలో అది నూటికి ఆరు నుంచి ముప్పై మందికి సోకవచ్చు. ఒంటి బయట, ఎండిన రక్తపు మరకలో కూడా వారం రోజులు బతికి ఉంటుంది. అదృష్టవశాత్తూ దానికి టీకా ఉంది. అమ్మగారికి పరీక్షలో లేదని తేలితే ఆ టీకా వేయించండి, షుగర్ ఉన్నవారికి అది ఎలాగూ మంచిదే.

అన్నయ్యగారు అన్న మాటలో సగం నిజం ఉంది. షుగర్ అదుపులో లేకపోతే పుండ్లు త్వరగా మానవు, చిన్న గడ్డ పెద్దదవుతుంది. కానీ షుగర్ క్రిమిని పుట్టించదు. క్రిమి బయటి నుంచే రావాలి. వెనక వీధి అబ్బాయికి ముప్పై ఏళ్లు, అతని విషయంలో ఏ షుగర్‌ను తప్పు పడతాం? ఒకే చోట సూది వేయించుకున్న ముగ్గురికి ఒకే రకం గడ్డలు లేచాయంటే, ఆ ముగ్గురినీ కలిపే దారి ఆ గదిలోనే ఉండే అవకాశం ఎక్కువ. ఇది నేను ఊహించి చెబుతున్నది కాదు. జబ్బుపడినవారందరినీ కలిపేది ఏమిటన్నది వ్యాధుల నిఘాలో పనిచేసేవారు తప్పక అడిగే ప్రశ్న.

ఇప్పుడు ఆ సూది దగ్గరికి వద్దాం.

చాలా మందులు పది, ఇరవై, ముప్పై మిల్లీలీటర్ల సీసాల్లో వస్తాయి. అల్యూమినియం రేకు కింద రబ్బరు మూత ఉంటుంది. ఆ రబ్బరును అలా చేయడంలోనే ఒక ఉద్దేశం ఉంది. సూది గుచ్చి మందు లాగి, సూది బయటికి తీయగానే ఆ రంధ్రం తనంతట తాను మూసుకుపోతుంది. సూదిని అక్కడే వదిలేస్తే రంధ్రం తెరుచుకునే ఉంటుంది. గదిలోని గాలి, ఈగ వాలిన తడి, చేతి చెమట, ఊడ్చినప్పుడు లేచే దుమ్ము అన్నీ ఆ సన్నని గొట్టం గుండా మందులోకి దారి చేసుకుంటాయి. రోగి వచ్చినప్పుడల్లా కొత్త సూది గుచ్చడం ఆలస్యం అని, ఒక సూదిని అక్కడే ఉంచి సిరంజీ తగిలించి మందు లాగుతుంటారు. పది క్షణాలు మిగులుతాయి. ఆ రోజు ఆ సీసాలోకి దిగిన క్రిమి అందులోనే ఉండిపోయి, ఆ తరువాత వచ్చిన ప్రతివారి కండలోకీ వెళ్లవచ్చు. సిరంజీ కొత్తదే, సూది కొత్తదే, మీ కళ్ల ముందే ప్యాకెట్ చించారు, అయినా గడ్డ లేస్తుంది. చాలామంది "మా సిరంజీ మేమే కొనుక్కుని వెళతాం, ఇంకేం భయం" అంటారు. సీసా పాడైతే కొత్త సిరంజీ ఏమీ కాపాడలేదు. యాంటీబయాటిక్ పొడిని కలిపే డిస్టిల్డ్ వాటర్ విషయమూ అంతే. పెద్ద సీసా తెరిచి రోజుల తరబడి వాడుకుంటూ పోతే అది నీళ్ల తొట్టితో సమానం. ఒకరికి ఒకటి చొప్పున చిన్న ప్లాస్టిక్ ఆంపుళ్లు కొద్ది రూపాయలకే దొరుకుతాయి.

నిజానికి చేయవలసింది పెద్ద విద్యేమీ కాదు. ఒకరికి సరిపడే చిన్న సీసాలు దొరికినప్పుడు అవే వాడాలి. పెద్ద సీసా తప్పనప్పుడు దాని మీద తెరిచిన తేదీ రాయాలి, తయారీదారు వేరే గడువు చెప్పకపోతే 28 రోజులు దాటాక పారేయాలి. ప్రతిసారీ రబ్బరు మూతను స్పిరిట్‌తో తుడిచి ఆరనివ్వాలి. కొత్త సిరంజీ, కొత్త సూదితో మందు లాగి, సూదిని బయటికి తీసేయాలి. సీసా రోగి పడుకునే మంచం పక్కన కాక, శుభ్రమైన వేరే బల్ల మీద ఉండాలి.

సూది మాత్రం మార్చి సిరంజీ అదే వాడడం అన్నింటికన్నా ఘోరం. "సూది కొత్తదే కదా" అని వాదించేవారు ఇప్పటికీ ఉన్నారు. సూది కండలో ఉండగా పిస్టన్‌ను కాస్త వెనక్కి లాగినా, సూది తీసేటప్పుడు ఒత్తిడి మారినా, కంటికి కనిపించనంత రక్తం సిరంజీ గొట్టంలోకి వస్తుంది. సూది మార్చినా అది అక్కడే ఉంటుంది. 2009లో గుజరాత్‌లోని మొడాసాలో వాడిన సిరంజీలు మళ్లీ వాడడం వల్ల హెపటైటిస్ బి వ్యాపించి పదుల మంది చనిపోయారు. అరెస్టయినవారిలో వైద్యులూ ఉన్నారు. 2018లో ఉత్తరప్రదేశ్ ఉన్నావ్ జిల్లా బంగర్‌మవులో పదుల మందికి హెచ్‌ఐవీ ఉన్నట్టు బయటపడింది. సైకిల్ మీద ఊరూరా తిరిగి చవకగా సూదులు వేసే ఒక అర్హత లేని మనిషి ఒకే సూది అందరికీ వాడాడని అధికారులు చెప్పారు. ఆ ఊళ్లలోనూ జనం ఆ చేతులనే నమ్ముకుని వెళ్లారు.

మీ డాక్టరుగారు అలాంటివారని నేను అనడం లేదు. బహుశా ఆ సూది సంగతి ఆయనకు తెలిసి ఉండదు. ఎందుకు ఇలా అంటున్నానో చెప్పాలంటే నా కథ కొంత చెప్పాలి.

నేను ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో డాక్టరుగా చేరిన కొత్తలో గాజు సిరంజీలు ఉండేవి. పొద్దున్నే స్టెరిలైజర్‌లో నీళ్లు మరిగించి అందులో వేసేవాళ్లం. తరువాత ప్లాస్టిక్‌వి వచ్చాయి, ఇక ఆ బెడద తీరిందని నిశ్చింతగా ఉన్నాను. ఒక వానాకాలంలో రెండు వారాల్లో నలుగురు సూది వేసిన చోట గడ్డలతో వచ్చారు. మొదటివారికి షుగర్ అనుకున్నాను. రెండోవారు పొలంలో బురదలో కూర్చున్నారేమో అనుకున్నాను. నాలుగో మనిషి పాలిచ్చే తల్లి. ఆమె బిడ్డను ఎత్తుకోలేక కుంటుతూ లోపలికి వస్తుంటే నా కుర్చీలోంచి లేచి మొదటిసారి తెర అవతలికి వెళ్లాను. బల్ల మీద స్టీలు డబ్బాలో స్పిరిట్‌లో నానబెట్టిన దూది ఉండలు ఉన్నాయి. నర్సు అందులోనే వేళ్లు పెట్టి ఉండ తీసి, చర్మం తుడిచి, సూది వేస్తోంది. ఇండెంట్ పెట్టిన సరుకు రావడం ఆలస్యమవుతోందని, స్పిరిట్ ఎక్కువ రోజులు రావాలని, అందులో కుళాయి నీళ్లు కలిపారు. డబ్బా వంచి చూస్తే అడుగున బూడిద రంగు మడ్డి ఉంది. వాసన చూశాను, స్పిరిట్ వాసన లేదు.

ఆ నర్సు నాకన్నా పదేళ్లు పెద్దది. రాత్రి రెండింటికి పురుడంటే లాంతరు పట్టుకుని నడిచి వెళ్లే మనిషి. గడ్డలకు కారణం ఆ డబ్బా కావచ్చని చెబితే బల్ల పట్టుకుని నిలబడిపోయి ఏడ్చింది. స్పిరిట్ ఉంది కాబట్టి క్రిములు ఉండవనే ఆమె అనుకుంది. తప్పు నాది. ఏడాదిన్నరగా నేను రోజుకు వందమందిని చూసి, చీటీ రాసి, "సిస్టర్ దగ్గరికి వెళ్లండి" అని పంపించాను. ఆ చీటీ తెర దాటాక ఏమవుతుందో ఒక్క రోజు కూడా చూడలేదు. దూదిని ముందే నానబెట్టి డబ్బాలో ఉంచవద్దని, ఎప్పటికప్పుడు పొడి దూది తీసి స్పిరిట్ చల్లుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. ఆ మాట నాకు తెలుసు. మా ఆసుపత్రి గోడ దాకా అది రాలేదు.

మనవైపు మంచి వైద్యుడిని హస్తవాసి మంచిదని మెచ్చుకుంటాం. అది ఉత్త మాట అనను. రోగి నాడి పట్టుకోవడంలో, నాలుగు ప్రశ్నలు ఓపికగా అడగడంలో, అనవసరమైన పరీక్షలు రాయకపోవడంలో ఆ హస్తవాసి ఉంది. మీ డాక్టరుగారికి అది ఉందనే మీ ఉత్తరం చెబుతోంది. కానీ రబ్బరు మూతలో దిగిన సూదికి ఆయన మంచితనం తెలియదు. ఆయన మంచి వైద్యుడా అన్నది ఒక ప్రశ్న, ఆయన క్లినిక్‌లో సూది సురక్షితంగా వేస్తున్నారా అన్నది వేరే ప్రశ్న. మొదటిదానికి జవాబు అవును కాబట్టి రెండోది అడగకూడదని మీ ఇంట్లో అనుకుంటున్నారు. నేనైతే మొదటిదానికి జవాబు అవును కాబట్టే రెండోది ఆయననే ధైర్యంగా అడగవచ్చంటాను. వినే మనిషి దగ్గరే కదా చెప్పుకుంటాం.

ఎలా అడగాలో చెబుతాను. మధ్యాహ్నం రద్దీ తగ్గాక వెళ్లండి. నలుగురిలో అడగవద్దు, కాంపౌండరు ఎదుట అసలే వద్దు. "డాక్టరుగారూ, అమ్మ గడ్డ తగ్గలేదండీ. గుంటూరు తీసుకువెళుతున్నాం. ఆ మూడు రోజులూ ఏ మందు వేశారో రాసిస్తే అక్కడ చూపిస్తాం" అని మొదలుపెట్టండి. ఇది మీ హక్కు కూడా. రోగి గాని వారి తరఫువారు గాని రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలని భారత వైద్య మండలి 2002లో చేసిన నియమావళిలో ఉంది. ఆ హక్కు సంగతి మాత్రం మొదట ఎత్తకండి, అవసరం రాకపోవచ్చు. కాగితం చేతికి వచ్చాక అసలు మాట చెప్పండి. "మీకు తెలియాలని చెబుతున్నానండీ. లోపల మందు సీసాకు సూది గుచ్చి ఉండడం చూశాను. మా వీధిలో ఇంకో ఇద్దరికి కూడా గడ్డలు లేచాయి." అక్కడితో ఆగండి. మిగతాది ఆయనకు వెంటనే అర్థమవుతుంది. మనసున్న వైద్యుడైతే మీరు గుమ్మం దాటకముందే లేచి తెర అవతలికి వెళతారు.

అసలు ఆ మూడు సూదులు కావాలా అన్న మాట కూడా మాట్లాడుకోవాలి. మోకాళ్ల నొప్పికి క్లినిక్‌లలో వేసేది ఎక్కువగా డైక్లోఫినాక్. ఆ రోజుకు నొప్పి తగ్గుతుంది, కీలు అరుగుదలను అది ఏమీ చేయదు. నొప్పి తగ్గించే పని మాత్రలూ, పైపూతలూ కూడా చేస్తాయి. మూత్రపిండాలు బాగా లేనివారికి ఆ మందు ఏ రూపంలో ఇచ్చినా కీడే, షుగర్ ఉన్నవారికి క్రియాటినిన్ (మూత్రపిండాల పనితీరు తెలిపే రక్త పరీక్ష) చూడకుండా ఇవ్వకూడదు. దానితో పాటు డెక్సామెథసోన్ కలిపి వేసే అలవాటు చాలాచోట్ల ఉంది. అది స్టెరాయిడ్, షుగర్‌ను అమాంతం పెంచుతుంది. ఆ మూడు రోజులూ, ఆ తరువాత వారం అమ్మగారి షుగర్ ఎంత ఉందో ఎక్కడైనా రాసి ఉంటే చూడండి. డాక్టరుగారు రాసిచ్చే కాగితంలో ఈ పేరు ఉందేమో కూడా చూడండి. ఉంటే గుంటూరులో తప్పక చెప్పండి.

ఇందులో వైద్యుల తప్పే కాదు, మన తప్పూ ఉంది. సూది వేయకపోతే వైద్యం చేసినట్టే కాదని మనవాళ్లకు గట్టి నమ్మకం. "నాలుగు మాత్రలు రాసి పంపించాడు" అని ఊరంతా చెప్పుకుంటారు. మరునాడు పక్క వీధిలో ఏ అర్హతా లేని ఆర్‌ఎంపీ దగ్గర సెలైన్ పెట్టించుకుంటారు. ఇది తెలిసిన వైద్యుడు రోగి చేజారిపోతాడని సూది తీస్తాడు. వేయనవసరం లేని సూది వేయకపోతే దానితో వచ్చే ప్రమాదం మొత్తం పోతుంది. నోటితో మింగగలిగినవారికి మాత్ర చాలదా అని అడగడం మీ ఇంటి నుంచే మొదలుపెట్టండి. అమ్మగారికి కుర్చీలో కూర్చోబెట్టి, కాలు ముందుకు చాపించి, తొడ కండరం బిగించి పది లెక్కపెట్టే దాకా ఉంచి దించడం నేర్పండి. రెండు కాళ్లకూ పది పదిసార్లు, రోజుకు రెండు పూటలా. గడ్డ మానాక మొదలుపెట్టండి. ఆరు వారాలు మానకుండా చేస్తే తేడా ఆమెకే తెలుస్తుంది.

క్లినిక్‌లో ఇంకేం గమనించాలో కూడా కొంచెం చెబుతాను, అన్నీ మీరు తనిఖీ చేయనక్కర లేదు. వాడిన సూదులు వేసే తెల్లని గట్టి డబ్బా, సూది కత్తిరించే చిన్న యంత్రం ఉన్నాయా? 2016 జీవవైద్య వ్యర్థాల నియమాలు పడకలు లేని చిన్న క్లినిక్‌కు కూడా వర్తిస్తాయి. సూదులు చెత్తబుట్టలో కనిపిస్తే అవి పారిశుద్ధ్య కార్మికుల అరచేతుల్లో దిగుతాయి, లేదా ఏరి కడిగి మళ్లీ అమ్మేవారి చేతికి వెళతాయి. గడ్డలు కోసే కత్తెరలు, ఫోర్సెప్స్ ఏం చేస్తున్నారు? మరిగిన నీళ్లు చాలవు. ఆటోక్లేవ్‌లో 121 డిగ్రీల ఆవిరి కావాలి. డెటాల్ నీళ్ల పళ్లెంలో తేలుతున్న కత్తెర కనిపిస్తే అక్కడ కోయించుకోవద్దు. ఇంజెక్షన్ వేసే గదిలో చేతులు కడుక్కునే కుళాయి, సబ్బు ఉన్నాయా? అలాగే అడ్రినలిన్ ఉందా అని కూడా అడగవచ్చు. ఇంజెక్షన్ ఎవరికైనా పడకపోతే, నిమిషాల్లో గొంతు వాచి ఊపిరి ఆగిపోయే పరిస్థితిలో ప్రాణం నిలబెట్టేది ఆ చిన్న ఆంపులే. ఖరీదు చాలా తక్కువ. అది లేని గదిలో ఇంజెక్షన్ వేయడం నాకు ఏ మాత్రం సమ్మతం కాదు.

మీరు చెప్పాక కూడా ఆయన కొట్టిపారేస్తే, వారం తరువాత వెళ్లి చూసినా సూది అలాగే ఉంటే, అప్పుడు మొహమాటం వద్దు. నరసరావుపేటలో జిల్లా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయం ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో ప్రతి ప్రైవేటు అల్లోపతి క్లినిక్ 2002 నాటి చట్టం కింద అక్కడ రిజిస్టర్ కావాలి, తనిఖీకి ఒప్పుకోవాలి. తెలంగాణలో అయితే 2010 నాటి కేంద్ర క్లినికల్ ఎస్టాబ్లిష్‌మెంట్స్ చట్టం ఉంది, అక్కడా జిల్లా అధికారి దగ్గరికే వెళ్లాలి. తేదీలు, ఏ రోజు ఏ ఇంజెక్షన్, గడ్డ ఎప్పుడు లేచింది, ఎప్పుడు కోశారు అన్నవి ఒక పేజీలో రాసి ఇవ్వండి, రసీదు తీసుకోండి. అక్కడ పని జరగకపోతే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇవ్వవచ్చు. వైద్యుడి ప్రవర్తన మీద ఫిర్యాదు అయితే రాష్ట్ర వైద్య మండలికి వెళ్లాలి. నష్టపరిహారం కోరేవారికి వినియోగదారుల కమిషన్ ఉంది, రెండేళ్ల లోపు వెళ్లాలి. మీరు ఇప్పుడే ఆ దారి పట్టాలని నేను అనను. కాగితాలన్నీ మాత్రం ఒక కవరులో దాచండి.

అయితే ఒక్క పని ఆయన విన్నా వినకపోయినా చేయాలి. మీ ముగ్గురి సంగతి జిల్లా వ్యాధి నిఘా విభాగానికి తెలియాలి. అది కూడా వైద్య ఆరోగ్యాధికారి కార్యాలయంలోనే ఉంటుంది. ఆ సీసాలోంచి మందు వేయించుకుని, గడ్డ ఇంకా పైకి రానివారు ఊళ్లో ఎంతమంది ఉన్నారో మనకు తెలియదు. వాళ్లలో కొందరు ఈపాటికే చేత్తో తడిమి చూసుకుంటూ, సూది నొప్పిలే అని కాపడం పెట్టుకుంటూ ఉండవచ్చు. దీన్ని డాక్టరుగారి మీద ఫిర్యాదుగా అనుకోకండి. వీలైతే ఆయననే ఆ ఉత్తరం రాయమని అడగండి. తన దగ్గర గడ్డలు లేచాయని తానే తెలియజేసే వైద్యుడిని నేను రెట్టింపు గౌరవిస్తాను. వెనక వీధి అబ్బాయినీ, ఆ రెండో ఆవిడనూ కూడా మీతోనే గుంటూరు తీసుకువెళ్లగలిగితే మరీ మంచిది. ముగ్గురి చీములోనూ ఒకే క్రిమి దొరికితే దారి ఎక్కడిదో ఇక ఎవరూ వాదించలేరు.

ఆయన దగ్గరికి వెళ్లడం మానేయాలా అని మీరు అడగలేదు గాని, ఉత్తరం నిండా ఆ బెంగే కనిపించింది. మానేయనక్కర లేదు. బీపీ చూపించుకోండి, షుగర్ మందులు రాయించుకోండి, పిల్లలకు జ్వరం వస్తే తీసుకువెళ్లండి. సూది మాత్రం, ఆ బల్ల మారిందని మీ కళ్లతో చూసేదాకా, అక్కడ ఎవరికీ వేయించకండి. గుంటూరు ప్రయాణం ఈ వారంలోనే పెట్టుకోండి. కల్చర్ ఫలితం రావడానికి రోజులు పడుతుంది, గడ్డ అంతవరకు ఆగదు.